గ్వాటెమాలాలో స్పానిష్ చదువు: ఆతిథ్య కుటుంబాన్ని ఎంచుకోవడమే అసలు పని

అమెరికా హైస్కూళ్ళలో చదివే తెలుగు పిల్లల్లో చాలామంది రెండో భాషగా తీసుకునేది స్పానిష్. మూడేళ్ళు క్లాసులో కూర్చుని క్రియారూపాలన్నీ అప్పజెప్పగలిగిన పిల్లవాడికి కూడా, ఎదుటి మనిషి మామూలు వేగంతో మాట్లాడితే నోరు పెగలదు. ఆ గండం గట్టెక్కించడానికి వేసవిలో రెండు నుంచి ఆరు వారాల ఏర్పాట్లు ఉన్నాయి. లాటిన్ అమెరికా దేశం ఒకదానికి వెళ్ళి అక్కడి కుటుంబంతో ఉండాలి. పొద్దున భాష చదువుకోవాలి, మధ్యాహ్నం ఊరికి పనికొచ్చే పనిలో చేయి వేయాలి. ఈ కార్యక్రమాల ప్రచార పత్రాల్లో పెద్ద ఫొటో సేవా పనిది ఉంటుంది, తర్వాత బడిది, ఇంటి గురించి రెండు వాక్యాలు. భాష ఎంత వస్తుందో తేల్చేది మాత్రం ముందుగా ఇల్లు, ఆ తర్వాత బడి, చివరికి సేవ. తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు కూడా ఈ వరసలోనే ఉండాలి.

ఇక్కడ గ్వాటెమాలాను ఉదాహరణగా తీసుకోవడానికి కారణాలున్నాయి. ఒక విద్యార్థికి ఒక ఉపాధ్యాయుడు చొప్పున ఎదురెదురుగా కూర్చుని చదివే పద్ధతి ఆ దేశంలో దశాబ్దాలుగా పాతుకుపోయింది. 1969లో ఆంటిగ్వా నగరంలో మొదలైన ఫ్రాన్సిస్కో మర్రోకిన్ భాషా ప్రాజెక్టు స్పానిష్ బోధనతో వచ్చిన ఆదాయాన్ని అక్కడి మూలవాసుల మాయా భాషల వ్యాకరణాలు, నిఘంటువుల పనికి మళ్ళించింది. పశ్చిమాన కొండల్లో ఉన్న కెట్సాల్తెనాంగోలో 1988 నుంచి కెట్సాల్తెకో భాషా ప్రాజెక్టు నడుస్తోంది. వీటిని చూసి పుట్టిన బడులు ఈ రెండు ఊళ్ళలోనూ, అతిత్లాన్ సరస్సు ఒడ్డు పల్లెల్లోనూ చాలా ఉన్నాయి. అక్కడి కొండప్రాంతపు ఉచ్చారణ కూడా నేర్చుకునేవారికి అనుకూలం. కరీబియన్ తీరంలోలా మాట చివరి సకారాన్ని మింగేయరు కాబట్టి బహువచనం, క్రియారూపం చెవికి స్పష్టంగా అందుతాయి.

ముందుగా గంటల లెక్క. అమెరికా విదేశాంగ శాఖ తన అధికారులకు భాషలు నేర్పే సంస్థ, ఇంగ్లీషు వచ్చినవారు స్పానిష్‌లో ఉద్యోగానికి సరిపడా పట్టు సాధించడానికి 600 నుంచి 750 తరగతి గంటలు పడుతుందని అంచనా వేస్తుంది. రోజుకు 4 గంటలు, వారానికి 5 రోజులు, 4 వారాలు చదివితే అయ్యేవి 80 గంటలు. ఆ లెక్కన నెల రోజుల్లో అనర్గళంగా మాట్లాడిస్తామని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. ఇప్పుడు ఇంటి వైపు చూడండి. గ్వాటెమాలా బడులు ఏర్పాటు చేసే ఇళ్ళలో సాధారణంగా వారానికి 6 రోజులు, రోజుకు 3 పూటలు భోజనం పెడతారు, ఆదివారం ఉండదు. పూటకు 40 నిమిషాలు బల్ల దగ్గర కూర్చుంటే రోజుకు 2 గంటలు, వారానికి 12, నెలకు 48. రాత్రి భోజనం తర్వాత గంటసేపు టీవీ ముందో, పిల్లల హోంవర్కు దగ్గరో, వంటింట్లోనో గడిపితే ఇంకో 24. మొత్తం 72 గంటలు, దాదాపు బడి గంటలకు సమానం. పైగా బడిలో ఉపాధ్యాయుడు విద్యార్థి స్థాయికి దిగి, నెమ్మదిగా, ఆచితూచి మాట్లాడతాడు. ఇంట్లో అలా దిగరు. చెవి తెరుచుకునేది ఆ 72 గంటల్లోనే.

అవే గంటలు ఒక్క పొరపాటుతో సున్నా అయిపోతాయి. ఇంగ్లీషు మాట్లాడే స్నేహితుడితో ఒకే గదిలో పడుకుని, ఒకే బల్ల దగ్గర తిని, భోజనం కాగానే ఫోను పట్టుకుని గదిలోకి పోతే ఆ ఇల్లు లాడ్జితో సమానం. 2004లో ఫ్రీడ్, సెగలోవిట్జ్, డ్యూయీ అనే పరిశోధకులు ఫ్రెంచి నేర్చుకునే అమెరికన్ విద్యార్థులను మూడు గుంపులుగా పోల్చి చూశారు: మామూలు తరగతి వారు, ఫ్రాన్సు వెళ్ళినవారు, అమెరికాలోనే ఉండి పూర్తిగా ఫ్రెంచిలో గడిపే వేసవి శిబిరంలో చేరినవారు. మాట ధారాళతలో ఎక్కువ మెరుగుపడింది ఫ్రాన్సు వెళ్ళినవారు కాదు, శిబిరం వాళ్ళు. క్లాసు బయట వాళ్ళు ఫ్రెంచి వాడిన గంటలు ఎక్కువ. ఫ్రాన్సులో ఉన్నవాళ్ళు ఇంగ్లీషులోకి జారిపోయారు. విమానం టిక్కెట్టు భాష నేర్పదని దీనికంటే గట్టిగా చెప్పే ఫలితం దొరకదు. 2009లో వెలువడిన జార్జ్‌టౌన్ అధ్యయనం సుమారు 1,300 మంది విద్యార్థుల్ని పరిశీలించి ఇంకో సంగతి తేల్చింది. ఆతిథ్య కుటుంబంలో ఉండటం ఒక్కటే పరాయి సంస్కృతిని అర్థం చేసుకునే శక్తిని పెంచలేదు, ఆ కుటుంబంతో ఎంత సమయం గడిపారన్నదే తేడా తెచ్చింది.

ఏ ఊరు?

ఆంటిగ్వా 1,530 మీటర్ల ఎత్తున, మూడు అగ్నిపర్వతాల మధ్య ఉన్న పాత రాజధాని. 1773 భూకంపాల తర్వాత రాజధానిని తరలించారు, 1979లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. విమానాశ్రయానికి దగ్గర, వాతావరణం హాయి, వైద్యం అందుబాటులో ఉంటుంది. పదిహేనేళ్ళ పిల్లవాడు మొదటిసారి వెళ్తుంటే తల్లిదండ్రుల మనసు ఇటే మొగ్గుతుంది, అందులో తప్పు లేదు. చిక్కల్లా వీధిలో ఉంది. పర్యాటకుల తాకిడి వల్ల కాఫీ కొట్టులో, పుస్తకాల షాపులో, చౌరస్తాలో ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. ఆంటిగ్వాను ఎంచుకుంటే నడిబొడ్డున కాకుండా, పది పదిహేను నిమిషాలు నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు కావాలని అడగడం మంచిది.

కెట్సాల్తెనాంగోను స్థానికులు షేలా అంటారు. 2,330 మీటర్ల ఎత్తు. మొదటి రెండు రోజులు మెట్లెక్కితే ఆయాసం, కొందరికి తలనొప్పి. ఇళ్ళలో హీటర్లుండవు, డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది. ఈ అసౌకర్యం భరించగలిగితే భాషకు ఇంతకంటే మంచి చోటు తక్కువ. అది పర్యాటకం మీద బతికే ఊరు కాదు, విశ్వవిద్యాలయాలూ సంతలూ ఉన్న మామూలు నగరం. బస్సు టిక్కెట్టు నుంచి మందుల షాపు దాకా స్పానిష్ లేనిదే పూట గడవదు.

సరస్సు ఒడ్డున సాన్ పెద్రో లా లగూనా లాంటి ఊళ్ళు చౌక, అందమైనవి కూడా. అక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ ఇళ్ళలో అమ్మా నాన్నా అమ్మమ్మా తమలో తాము మాట్లాడుకునేది త్సుతుహిల్ అనే మాయా భాష. విద్యార్థితో స్పానిష్‌లో మాట్లాడతారు గానీ, బల్ల దగ్గర చుట్టూ వినపడే మాట అది కాదు. గ్వాటెమాలాలో ఇరవైకి పైగా మాయా భాషలున్నాయి. 2018 జనగణనలో దాదాపు 44 శాతం మంది తాము మూలవాసులమని చెప్పుకున్నారు. కొండప్రాంతంలో పెద్దవాళ్ళకు స్పానిష్ రెండో భాష కావడం మామూలే. ఇది లోపం అనడం అన్యాయం. త్సుతుహిల్ వినే అవకాశం అరుదైనది. అయితే స్పానిష్ వినికిడి గంటలే లక్ష్యమైతే మొదటి మూడు వారాలు షేలాలోనో ఆంటిగ్వాలోనో గడిపి, చివరి వారం సరస్సుకు వెళ్ళడం తెలివైన ఏర్పాటు.

ఇల్లు చూసే పద్ధతి

కార్యక్రమం నడిపే సంస్థను అడగాల్సిన మొదటి ప్రశ్న: ఒక ఇంట్లో ఎంతమంది విదేశీ విద్యార్థుల్ని పెడతారు? మా సంస్థ వాళ్ళెంతమంది అని కాదు, అన్ని బడుల వాళ్ళూ కలిపి ఎంతమంది అని. కొన్ని ఇళ్ళు నాలుగైదు గదులు కట్టి, వేర్వేరు బడుల విద్యార్థుల్ని ఒకేసారి దింపుకుంటాయి. అక్కడ విద్యార్థులందరికీ ఒక బల్ల, కుటుంబానికి వేరే బల్ల. భాషకు మంచిది ఇంటికి ఒక్కరే ఉండటం. మైనర్ల విషయంలో భద్రత కోసం ఇద్దర్ని కలిపి పెట్టే సంస్థలున్నాయి, అది సమంజసమే. అప్పుడు ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఉండాలి, బల్ల దగ్గర స్పానిష్ తప్ప మరో భాష మాట్లాడకూడదన్న నియమం రాతపూర్వకంగా ఉండాలి. ఆ ఇద్దరూ తెలుగు పిల్లలైతే ఈ నియమం ఇంకా గట్టిగా ఉండాలి. అలసిపోయిన రాత్రి నోటికొచ్చేది తెలుగే.

రెండో ప్రశ్న డబ్బు గురించి. మనం చెల్లించేదాంట్లో ఇంటికి రోజుకు ఎంత చేరుతుంది, ఎప్పుడు చేరుతుంది? అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. మధ్యవర్తి సంస్థలు ఎక్కువైనకొద్దీ ఇంటికి చేరే వాటా తగ్గుతుంది. ఆ తగ్గుదల పళ్ళెంలో కనిపిస్తుంది: గుడ్డు మాయమై ఒట్టి నల్ల బీన్సు మిగులుతాయి, పండు కనబడదు. ఇంటావిడ ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకో ఇద్దరు విద్యార్థుల్ని తీసుకుంటుంది. అక్కడితో మొదటి ప్రశ్నకు వచ్చిన మంచి జవాబు కూడా చెడిపోతుంది. స్థానిక బడికి నేరుగా చెల్లించే ఏర్పాటులో ఈ సమస్య తక్కువ.

మూడోది భద్రత. గ్వాటెమాలాలో మైనర్లతో పనిచేసేవారి కోసం లైంగిక నేరస్థుల జాతీయ రిజిస్టరులో పేరు లేదని ధ్రువపత్రం ఇచ్చే వ్యవస్థ ఉంది, దాన్ని రెనాస్ అంటారు. పోలీసు, నేర చరిత్ర పత్రాలు వేరే ఉంటాయి. ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరికీ, అంటే ఇంటావిడకే కాదు, పెద్దకొడుక్కీ, పై గదిలో అద్దెకుండే మనిషికీ ఇవి ఉన్నాయా అని అడగాలి. గదికి లోపలి గడియ ఉండాలి. బడి సమన్వయకర్త ఇంటికి స్వయంగా వెళ్ళి ఎన్ని నెలలైందో తెలియాలి. ఇల్లు నచ్చకపోతే కారణం చెప్పకుండానే 24 గంటల్లో మార్చే హామీ ఉండాలి. కారణం చెప్పాలన్న షరతు ఉన్నచోట పిల్లలు నోరు విప్పరు. విషయం చెప్పుకోలేనిదైతే అసలే విప్పరు.

భోజనం దగ్గర శాకాహార కుటుంబాల పిల్లలకు చిక్కు వస్తుంది. కార్నే, అంటే మాంసం, తిననని చెబితే గొడ్డు మాంసం ఒక్కటే వద్దన్నారని అనుకుని కోడికూర వడ్డించే ఇళ్ళున్నాయి. కోడి, చేప, మాంసం ముక్కలు తీసేసిన పులుసు, పంది కొవ్వు, చికెన్ పొడి అని విడివిడిగా పేరుపెట్టి, దరఖాస్తులోనే స్పానిష్‌లో రాసి పంపాలి. ఎక్కువగా దొర్లే పొరపాటు ఈ చివరిదానితోనే. అన్నంలోనూ సూపులోనూ రుచికోసం చికెన్ పొడి వేయడం అక్కడ మనం పోపు వేసినంత అలవాటు. ఇంతా చెప్పాక ఆకలితో ఉండాల్సిన పరిస్థితి రాదు. మొక్కజొన్న తోర్తీయాలు, నల్ల బీన్సు, గుడ్లు, వేయించిన పండు అరటి, అన్నం, అవకాడో రోజూ ఉంటాయి. మనం బెంగళూరు వంకాయ అని కొనే కాయ పుట్టిల్లు కూడా ఆ ప్రాంతమే, అక్కడ దాన్ని గూస్కిల్ అంటారు. కారం తక్కువగా ఉంటుంది, మిరపకాయ పక్కన పెడతారు. ఊరగాయ సీసా తీసుకెళ్తే కుటుంబంతో కలిసి తినాలి తప్ప గదిలో దాచుకుని తినకూడదు.

మర్యాదలు కొన్ని ముందే తెలిసి ఉండాలి. అమెరికా పాఠ్యపుస్తకాలు నువ్వు అనే అర్థంలో నేర్పే తూ గ్వాటెమాలా ఇళ్ళలో అంతగా వినపడదు. స్నేహితుల మధ్య వోస్, మిగతా అందరితో ఉస్తేద్. మీరు, నువ్వుల తేడా పాలతో పాటే నేర్చుకున్న తెలుగు పిల్లలకు ఇది ఇట్టే పట్టుబడుతుంది. ఇంటావిడను దోన్యా అని, ఇంటాయనను దోన్ అని చేర్చి పేరుతో పిలవాలి. బల్ల దగ్గరనుంచి లేచేటప్పుడు అందరికీ కృతజ్ఞతలు చెప్పాలి, కూర్చున్నవాళ్ళు బ్వేన్ ప్రొవేచో అని బదులిస్తారు. చెప్పకుండా లేచిపోతే కోపం వచ్చిందేమో అనుకుంటారు.

స్నానాల గది సంగతి చెప్పకపోతే మొదటి రోజే ఫోను వస్తుంది. చాలా ఇళ్ళలో నీళ్ళు వేడెక్కేది షవర్ తలలోనే అమర్చిన విద్యుత్ తీగతో. కుళాయి ఎక్కువ తిప్పితే నీళ్ళు చల్లగా, తక్కువ తిప్పితే వేడిగా వస్తాయి. నీళ్ళు పారుతున్నప్పుడు ఆ తలను చేత్తో ముట్టుకోకూడదు. టాయిలెట్ కాగితం బుట్టలోనే వేయాలి, లేకపోతే సన్నటి మురుగు గొట్టం పూడుకుపోతుంది. కుళాయి నీళ్ళు తాగకూడదు, పళ్ళు తోముకోవడానికి కూడా డబ్బా నీళ్ళే.

బడి పని

మొదటి వారంలో మూడో రోజో నాలుగో రోజో దాదాపు అందరికీ ఒక గోడ అడ్డం వస్తుంది. తల బరువెక్కుతుంది, వచ్చిన మాటలు కూడా రావు, ఇంటికి ఫోను చేసి భోరుమంటారు. ఇది వెనకబాటు కాదు, రోజుకు ఏడెనిమిది గంటలు పరాయి భాష విన్న బుర్రకు పట్టే అలసట. ఆ రోజు ఫోనులో ధైర్యం చెప్పాలే తప్ప రోజూ గంటసేపు మాట్లాడే అలవాటు చేయకూడదు. ఆ గంట నేరుగా ఆతిథ్య కుటుంబంతో గడపాల్సిన గంటలోంచి పోతుంది. వారానికి రెండుసార్లు, ముందే చెప్పుకున్న వేళకు, ఇరవై నిమిషాలు చాలు. తల్లిదండ్రులకు ఇది కష్టమే, కానీ పిల్లవాడికి ఇవ్వగలిగిన పెద్ద సాయం ఇదే.

ఎదురెదురు బోధనలో బలం ఎంతో బలహీనతా అంతే. ఉపాధ్యాయుడు మంచి మాటకారి అయితే తనే మాట్లాడేస్తాడు, విద్యార్థి ఊ కొడుతూ కూర్చుంటాడు, నాలుగు గంటలు హాయిగా గడిచిపోతాయి. చాలా బడులు ప్రతి శుక్రవారం ఉపాధ్యాయుణ్ణి మార్చుకునే వీలిస్తాయి, అడగడం అక్కడ అవమానం కాదు. రోజు నాలుగు గంటల్లో కనీసం సగం విద్యార్థి గొంతే వినపడాలి. తప్పులన్నీ వెంటవెంటనే దిద్దకుండా, రాసి పెట్టుకుని గంట చివర దిద్దమని అడిగితే మాట ధార తెగదు.

ఇంటినీ బడినీ కలిపే చిన్న పద్ధతి ఒకటి ఉంది. నిన్న జరిగిందంతా పొద్దున టిఫిను దగ్గర ఇంటావిడకు చెప్పాలి. స్పానిష్‌లో అయిపోయిన పనికీ, అప్పట్లో సాగుతూ ఉన్న పరిస్థితికీ రెండు వేర్వేరు భూతకాల రూపాలున్నాయి. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్ళు తడబడేది వీటి దగ్గరే. రోజూ ఒక కథ చెబితే రెండూ దొర్లుతాయి. అదే కథను బడిలో మళ్ళీ చెప్పాలి, రాత్రి ఇంటి పిల్లలకు మూడోసారి చెప్పాలి. మూడోసారికి వాక్యాలు వాటంతట అవే వస్తాయి. కొత్త వ్యాకరణం కంటే ఇలా మళ్ళీ మళ్ళీ చెప్పడమే నాలుక తిప్పుతుంది.

సేవ: ఒక పొయ్యి కథ

గ్వాటెమాలా కొండ పల్లెల్లో వంట కట్టెల పొయ్యి మీదే. మూడు రాళ్ళు, మధ్యన మంట, పైన మట్టి పెనం. విద్యార్థి బృందాలు ఎక్కువగా చేసే పని పొగగొట్టం ఉన్న పొయ్యి కట్టడం. ఈ పనికి అక్కడ చరిత్ర ఉంది. 1976 ఫిబ్రవరి 4న సుమారు 23,000 మందిని బలిగొన్న భూకంపం తర్వాత పునర్నిర్మాణం సాగుతున్న రోజుల్లో, కెట్సాల్తెనాంగో దగ్గరి ఒక ప్రయోగ కేంద్రంలో మట్టీ ఇసుకా కలిపి కట్టే లొరేనా పొయ్యిని రూపొందించారు, అది ప్రపంచమంతా పాకింది. కాలక్రమంలో మట్టి దిమ్మ మందం ఎక్కువై వేడిని తానే పీల్చేస్తోందని తేలింది. ఇప్పుడు కట్టే రకంలో కింద సిమెంటు ఇటుకల దిమ్మ, మధ్యన మంటగదికి కాల్చిన ఇటుక, చుట్టూ వేడి పోకుండా అగ్నిపర్వతాలు ఉచితంగా ఇచ్చే తేలిక రాయి ముక్కలు, పైన వలయాలు తీసి పెట్టగల ఇనుప పలక, వెనక రేకు పొగగొట్టం ఇంటి కప్పులోంచి బయటికి.

మేస్త్రీ ఒకరు, ఇటుకలు మోసి సిమెంటు కలిపే విద్యార్థులు ముగ్గురు నలుగురు ఉంటే ఒకరోజులో పొయ్యి లేస్తుంది. చెడేది తర్వాత. సిమెంటు పూర్తిగా ఆరకముందే మంట పెడితే లోపలి తడి ఆవిరై ఇటుకల అతుకులు పగులుతాయి. కొన్ని రోజులు ఆగమని చెప్పాల్సింది విద్యార్థులు కాదు, ఆ ఇంటి భాషలో మాట్లాడగల స్థానిక కార్యకర్త. పొగగొట్టం కప్పు దాటేచోట సందు సరిగా మూయకపోతే మొదటి వానకే నీళ్ళు కారి మంటగది తడుస్తుంది. గొట్టంలో మసి క్రమం తప్పకుండా దులపకపోతే పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకే వస్తుంది, ఇల్లాలు విసిగి మళ్ళీ మూడు రాళ్ళు పెట్టుకుంటుంది. మొక్కజొన్నను సున్నం నీళ్ళలో ఉడికించే పెద్ద కుండ ఆ పలక మీద నిలవదు, దానికోసం పెరట్లో పాత మంట వెలుగుతూనే ఉంటుంది. చలి కాచుకోవడానికి కూడా తెరిచిన మంటే పనికొస్తుంది.

సాన్ మార్కోస్ ప్రాంతంలో 2002లో మొదలైన రెస్పైర్ అనే పరిశోధన 500కు పైగా ఇళ్ళలో సగానికి ఇలాంటి పొగగొట్టం పొయ్యిలిచ్చి పసిపిల్లల ఆరోగ్యాన్ని గమనించింది. 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం పిల్లలు పీల్చే పొగ దాదాపు సగానికి తగ్గింది, తీవ్రమైన న్యుమోనియా తగ్గింది, కానీ వైద్యులు నిర్ధారించిన మొత్తం న్యుమోనియా కేసుల్లో తగ్గుదల గణాంకపరంగా నిలవలేదు. ఆ పరిశోధనకు నాయకత్వం వహించిన కర్క్ స్మిత్ భారతదేశపు వంటిళ్ళ పొగను కూడా ఏళ్ళ తరబడి కొలిచిన శాస్త్రవేత్త. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జిల్లాల్లో కల్పనా బాలకృష్ణన్ బృందం చేసిన కొలతల్లోనూ ఆయన పాలుపంచుకున్నారు. పొయ్యి మార్చడం మంచి పని. అది ఒక మధ్యాహ్నంలో పూర్తయ్యే పని మాత్రం కాదు. కాబట్టి సంస్థను అడగాల్సిన ప్రశ్నలు వేరే: రెండేళ్ళ కిందట కట్టిన పొయ్యిల్లో ఇప్పుడు ఎన్ని వెలుగుతున్నాయి? ఎవరు వెళ్ళి చూస్తారు? కుటుంబం తన వంతుగా ఏమిస్తుంది? మేస్త్రీకి కూలి ఇస్తున్నారా, లేక ఉచితంగా వచ్చిన విద్యార్థులు ఒక స్థానిక మనిషి పని లాక్కుంటున్నారా?

ఇంగ్లీషు పాఠాలు చెప్పే సేవ ఇంకా బలహీనమైనది. రెండు వారాలకో బృందం మారుతూ ఉంటే, ఆ పల్లె పిల్లలు ఏడాది పొడవునా రంగుల పేర్లూ అంకెలే మళ్ళీ మళ్ళీ నేర్చుకుంటారు. పైగా విద్యార్థి నేర్చుకోవాల్సింది స్పానిష్ అయితే మధ్యాహ్నమంతా ఇంగ్లీషు మాట్లాడటంలో అర్థం లేదు. అనాథాశ్రమాలకు తీసుకెళ్ళే కార్యక్రమాన్ని మారుమాట లేకుండా తిరస్కరించాలి. వారానికోసారి మారే అపరిచితులకు అంటుకుని విడిపోవడం ఆ పిల్లల మనసుకు గాయం. సందర్శకుల డబ్బు కోసం తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా అలాంటి చోట్ల ఉంచే వ్యాపారం కొన్ని దేశాల్లో బయటపడింది. ఆస్ట్రేలియా పార్లమెంటు ఆధునిక బానిసత్వం మీద విచారణ జరిపినప్పుడు ఈ విషయాన్నే ప్రత్యేకంగా చర్చించింది. వైద్య శిబిరంలో అర్హత లేని విద్యార్థి రక్తపోటు చూడటం, ఇంజెక్షన్‌కు చేయి పట్టడం కూడా వద్దు.

భాష నేర్చుకునే విద్యార్థికి సరిపోయే సేవ చిన్నది, మాట అవసరమయ్యేది: జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలప్పుడు నర్సరీలో మొక్కల సంచులు నింపడం, గ్రంథాలయంలో పిల్లలకు స్పానిష్ పుస్తకం చదివి వినిపించడం, బడి వంటగదిలో స్థానిక ఆడవాళ్ళ పక్కన కూర్చుని మొక్కజొన్న ఒలవడం. ఫొటోలో గొప్పగా కనిపించవు. మూడు గంటల పనిలో రెండున్నర గంటలు కబుర్లు నడుస్తాయి. కాలేజీ దరఖాస్తు కోసం సేవ కావాలనుకునే కుటుంబాలు తమ ఊళ్ళోనే రెండేళ్ళు నిలకడగా ఏదైనా చేయించడం మేలు.

కాగితాలు, ఆరోగ్యం

హెచ్-4 హోదాలో, అంటే హెచ్-1బీ ఉద్యోగుల మీద ఆధారపడిన వీసాలో, ఉన్న తెలుగు పిల్లలకు పెద్ద ప్రమాదం తిరుగు ప్రయాణంలో ఉంది. ఐ-797 అనే ఆమోద పత్రంలో హోదా చెల్లుబాటులో ఉన్నా, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు దాటిపోయి ఉండటం ఈ కుటుంబాల్లో మామూలే. కెనడా, మెక్సికోలకు 30 రోజుల్లోపు వెళ్ళొచ్చినవారిని పాత ముద్రతో రానిచ్చే సౌలభ్యం గ్వాటెమాలాకు వర్తించదు. ముద్ర లేకుండా వెళ్తే అక్కడినుంచి విమానం ఎక్కనివ్వరు. మూడో దేశంలోని అమెరికా కాన్సులేటులో అపాయింట్‌మెంటు మీద ఆశ పెట్టుకోకూడదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉండి హెచ్-4 వదిలేసినవారు అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తే రద్దయినట్టు లెక్క. డబ్బు కట్టకముందే న్యాయవాదితో మాట్లాడాలి. భారత పాస్‌పోర్టుతో గ్వాటెమాలా ప్రవేశ నిబంధనలను ఆ దేశ కాన్సులేటులోనే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. తల్లిదండ్రులు వెంట లేని మైనర్ల దగ్గర ఇద్దరి సంతకాలూ ఉన్న, నోటరీ చేయించిన అనుమతి పత్రం స్పానిష్ అనువాదంతో ఉండాలి.

టైఫాయిడ్, హెపటైటిస్-ఏ టీకాలు బయల్దేరడానికి నెల ముందే వేయించాలి. ఆంటిగ్వాలో, అతిత్లాన్ సరస్సు దగ్గర మలేరియా లేదు, పల్లపు అడవుల వైపు వెళ్తేనే మందులు. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి సరుకుల్లో దోమల మందు ఉండాలి. మొదటి పది రోజుల్లో విరేచనాలు పట్టుకునేది చాలావరకు వీధి దగ్గర కోసిన పండు వల్ల, ఐసు వల్ల. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఆరు తీసుకెళ్ళాలి. రక్తం పడినా, జ్వరం 24 గంటలు దాటినా ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

వారాంతం ఆంటిగ్వా దగ్గరి అకాతెనాంగో అగ్నిపర్వతం ఎక్కాలని విద్యార్థులు ఉత్సాహపడతారు. 3,976 మీటర్ల ఎత్తు, రాత్రి అక్కడే బస, ఎదురుగా ఫ్వేగో అనే ఇంకో అగ్నిపర్వతం నిప్పులు కక్కుతుంటుంది. 2017 జనవరిలో ఆ కొండమీద ఆరుగురు స్థానికులు చలికి ప్రాణాలు కోల్పోయారు. 2018 జూన్ 3న ఫ్వేగో పేలి వందలమంది చనిపోయారు. మైనర్లకు ఈ యాత్ర కార్యక్రమంలో భాగంగా ఉంటే, దానికి బీమా వర్తిస్తుందో లేదో పాలసీలోని మినహాయింపుల పేజీలో చూడాలి. చాలా పాలసీలు నిర్ణీత ఎత్తు దాటిన ట్రెక్కింగును వదిలేస్తాయి.

బయల్దేరే ముందు వారంలో ఒకసారి, తిరిగొచ్చిన వారంలో ఒకసారి గుర్తింపు పొందిన సంభాషణ పరీక్ష రాయిస్తే ఎంత పెరిగిందో అంకెల్లో తెలుస్తుంది. తిరిగొచ్చాక హైస్కూల్లో ఏ స్థాయి క్లాసుకు వెళ్ళాలో కూడా దాన్నిబట్టి నిర్ణయించవచ్చు. వచ్చాక మాట పోకుండా ఉండటానికి చౌకైన మార్గం అదే ఉపాధ్యాయుడితో వారానికి ఒక గంట వీడియో పాఠం. గ్వాటెమాలా బడుల్లో చాలావరకు ఇప్పుడు ఈ ఏర్పాటు ఉంది. బయల్దేరకముందే ఆర్నెల్లకు మాట్లాడుకుంటే సెప్టెంబరులో బడి పని మీద పడ్డాక వదిలేసే అవకాశం తగ్గుతుంది.